ఆలీలో అంతోని

ఈ ఊరి పేరు ఆలీ.
చెబితే ఫోనులో మా తమ్ముడు
"ఆలిని వదిలేసి ఆలీకి పోయావా" అని
బ్యాలెన్సు అయిపోయేదాకా నవ్వాడు.

మనామా నుంచి బస్సులో ముప్పావుగంట.
ఇళ్ల మధ్య మట్టిదిబ్బలు,
వేల ఏళ్ల నాటి సమాధులట.
ఒకదాని పక్కటెముకల్లోకి తొలిచి
పొగగొట్టం నిలబెట్టారు.
ఎవరి గోరీయో, ఇప్పుడు మా ఆవం.

సయ్యద్ హాదీ కొట్లో నేను సారె మనిషిని.
సాంబ్రాణి గిన్నెలు, పిల్లల డబ్బు ముంతలు,
చిల్లులు పొడిచిన లాంతర్లు.
బొమ్మలు మాత్రం లేవు.
ఒంటెని కూడా చెయ్యనివ్వడు,
కళ్లు పెట్టాల్సొస్తుందని.

లూర్దమ్మ అడిగింది,
శుక్రవారం పూజయ్యాక, గేటు దగ్గర, బస్సుకి తొందరపడుతూ.
"అన్నా, కుమ్మరోళ్లంట గదా మీరు.
నాకో అంతోనివారిని చేసిపెట్టు.
కొట్లో దొరికేవాళ్లంతా పెళ్లికొడుకుల్లా ఉన్నారు."
ఏం పోయిందమ్మా అన్నాను.
పోయినవి వెతికిపెట్టే పునీతుడు గదా,
మా అమ్మ సూది పడిపోయినా ఆయన్నే కేకేసేది.
"ముందు చేసిపెట్టు" అంది.

రిఫా మన్ను.
ఎంత తొక్కినా, ఎంత పిసికినా
చేతికి ఉప్పు తగులుతూనే ఉంటుంది.
రాత్రిళ్లు రేకు చాటున
మూరెడు మనిషిని లేపాను.
అంగీ, నడుముకి తాడు,
తాడుకి మూడు ముళ్లు
(పెళ్లి లేదు, ముళ్లు మాత్రం ఉన్నాయి),
ఎడమచేతి మీద బాలయేసు.
ముఖం దగ్గర వేలు ఆగిపోయింది.
పునీతులెలా ఉంటారో నాకేం తెలుసు?
మా రూములో కింది మంచం రాయప్పని పెట్టాను.
వంకర ముక్కు,
అప్పు అడగబోతున్నట్టుండే కళ్లు.

ఆవంలో దొంగతనం కుదరదు.
లోపల పెట్టినదాన్ని అందరి ముందూ బయటపెడుతుంది.
కాబట్టి తీసుకెళ్లి ఆయన బల్ల మీదే పెట్టాను.
సయ్యద్ చాలాసేపు చూశాడు.
ఎవరితను?
పోయినవి వెతికేవాడు, అన్నాను
నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో.
జపమాల రెండు పూసలు జరిగింది.
"వెనకవరసలో వద్దు.
మంట నోటి దగ్గర పెట్టు."
అక్కడ పెట్టినవి సగం పగులుతాయి.
అక్కడ పెట్టినవాటికే రంగొస్తుంది.
ఏ మాట మనసులో పెట్టుకుని అన్నాడో
ఆ గడ్డంలో నాకు దొరకలేదు.

ఆగస్టు. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని
ఖర్జూరపు మట్టలు తోశాం,
రేవు నుంచి తెచ్చిన చెక్క పలకలు విరగ్గొట్టి తోశాం.
ఒకదాని మీద యాపిల్ బొమ్మ,
నేను చదవలేని దేశం పేరు.
పద్నాలుగు గంటలు.
తెల్లారుజామున నమాజు పిలుపు వినబడ్డప్పుడు
మంట నారింజరంగు వదిలి తెల్లబడుతోంది.

కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక్క పెట్టు అంటారు.
నిప్పుకి ఆ పెట్టు కూడా అక్కర్లేదు.
మూడోరోజు ఇటుకలు తీస్తే
ఒకవైపు బూడిద తాగి పచ్చిఖర్జూరం రంగు,
ఒకవైపు కాలిన రొట్టె.
బాలయేసు చెయ్యి లేదు.
భుజం నుంచి రెండో ముడిదాకా పగులు.
రాయప్ప ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంకోటి చేస్తానన్నాను.
లూర్దమ్మ వినలేదు.
అటూ ఇటూ తిప్పింది.
"ఇది ఎండలో పనిచేసిన వైపు" అంది,
"ఇది మేడమ్ గారి వంటింటి వైపు."
పర్సులోంచి చీటీ తీసి,
సన్నగా చుట్టి
పగుల్లోకి తోసింది.
ఏం రాసిందో అడగలేదు.
తువ్వాల్లో పొదివి పట్టుకుని
బస్సులో కిటికీ పక్కన కూర్చుంది,
అంతోనివారికి బయట కనబడేలా.

మళ్లీ వారం
లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తకుండా
సయ్యద్ అడిగాడు:
ఆ మనిషి
తాళంచెవులు కూడా వెతుకుతాడా?
వెతుకుతాడు, అన్నాను.
ఎన్నాళ్లకి?
అది చెప్పడండీ.